ఆ మచ్చలు నావే

కేతేపల్లి, 5 ఆగస్టు 2019

చి. హరితకు గుర్వయ్య సారు దీవెనలు.

చెట్ల తెగుళ్లు తేల్చే ఆఫీసరువయ్యావట. చిన్నప్పుడు నువ్వు పేరు రాయకుండా ఇచ్చిన పరీక్ష కాగితం చింపి నిన్ను దారిలో పెట్టింది నేనే కనుక, నీ కుర్చీలో సగం నాది. ఊరంతా పత్తి పెడితే నేను పుస్తకాలు చదివి రెండెకరాల నీలగిరి పెంచాను. పక్క చేను రఘుపతి, నా దగ్గర మూడో తరగతి రెండుసార్లు తప్పినవాడు, పదిమందిలో, "సారూ, నీ చెట్ల ఆకులకు రోగం తాకింది, జర సూపియ్యరాదు" అన్నాడు. ఆకులు పంపుతున్నాను. రోగం లేదని ముద్ర వేసి పంపు. పంచాయతీ గోడకు అంటిస్తాను.

ఇట్లు, గుర్వయ్య

తా.క. ఆకులు మంచివి ఏరి, కడిగి, తుడిచాను. పొట్లం నాలుగు మూలలా పసుపు పెట్టాను.

హైదరాబాద్, 12 ఆగస్టు

పూజ్యులైన సారుకు హరిత నమస్కారాలు.

మంచి ఆకుల్లో రోగం కనబడదు సారూ. మచ్చలున్నవి, కడగకుండా పంపండి. వానలు ముదిరితే చెట్లు మోడులవుతాయి.

మీ శిష్యురాలు, హరిత

కేతేపల్లి, 17 ఆగస్టు

చి. హరితకు.

నా చేనులో అలాంటి ఆకు లేదు. రఘుపతి చెట్లవి పంపుతున్నాను. పొట్లం మీద వాడి పేరే రాశాను.

గుర్వయ్య

తా.క. పెళ్లిచూపులకు పిల్లవాణ్ని మొహం కడగకుండా కూర్చోబెట్టమన్నట్టుంది మీ శాస్త్రం.

హైదరాబాద్, 2 సెప్టెంబరు

సారుకు నమస్కారాలు.

రఘుపతిగారి ఆకుల్లోని బూజు మా రికార్డుల్లో ఎక్కడా లేదు. కొత్తది. 'రఘుపతి నమూనా' అని నమోదు చేయబోతున్నాం. సన్మానానికి శాలువా కూడా కొన్నాం.

హరిత

కేతేపల్లి, 5 సెప్టెంబరు, అర్జెంటు

హరితా, కలం ఆపు.

ఆ మచ్చలు నావే. రఘుపతి చేనులో ఉన్నది పత్తి. పుస్తకాలు చదివిన చేనులో పుట్టిన తెగులు మూడో తరగతి తప్పినవాడి పేరు మీద పోతుందా? జిల్లాలో ఇంకెవరి చెట్లకూ రాని రోగం నా చెట్లకు వచ్చింది. నా పేరు రాయి.

గుర్వయ్య, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

హైదరాబాద్, 9 సెప్టెంబరు

పూజ్యులైన సారుకు.

'గుర్వయ్య నమూనా' అని రాసేశాను. రెండో పొట్లానికీ నాలుగు మూలలా పసుపు ఉంది సారూ. ఎవరిదో ఆ రోజే తెలిసింది. పేరు ఎవరికి వారే రాసుకోవాలని మీరే నేర్పారు కదా, అందుకే ఆగాను. రాలిన ఆకులు ఏరి కాల్చండి, కింది కొమ్మలు కొట్టించండి. చెట్లు దక్కుతాయి. శుక్రవారం వస్తున్నాం.

మీ హరిత

తా.క. శాలువా మాత్రం రోగాన్ని మొదట గుర్తుపట్టినవారికట. పదిమందిలో రఘుపతిగారు అన్న మాటకు మీ మొదటి ఉత్తరమే సాక్ష్యం. ఆయన్ను ఫోనులో అడిగితే, "మా సారు చేతుల మీదుగ అయితెనే కప్పుకుంట" అన్నారు.