ఈత డ్రెస్సు కుట్టిన ముచ్చట

కరీంనగర్,
జూన్ 4

నన్ను కన్న ప్రియమైన అవ్వకు,

పవర్‌లూముల మోతకు నీ చెవులు పోయినంక ఫోన్ల ఎంత మొత్తుకున్నా నీకు వినరాదు. అందుకే ఉత్తరం రాస్తున్న.

నా నడుము నొప్పికి డాక్టర్ ఒక్కటే చెప్పిండు: రెండు నెలలు ఈత కొట్టాలె, తగ్గకుంటే ఆపరేషనే. స్విమ్మింగ్‌పూల్‌ల పొద్దున ఆడవాళ్లకు వేరే టైమున్నది. కానీ దుకాణంల దొరికే డ్రెస్సులు తొడలు కప్పవు. నా తొడ మీది కాలిన మచ్చ నీకెరికే. పాత సినిమాలల్ల హీరోయిన్లు వేసుకునే తీరు, కుచ్చిళ్ల గౌను లెక్కటిది నేనే కుట్టుకుంట. సాగే బట్ట తెచ్చిన. కటింగ్ నువ్వు చెప్పు. జర కోపానికి రాకు.

నీ బిడ్డ,
దీపిక

*

మెట్‌పల్లి,
జూన్ 11

నా బంగారు బిడ్డకు అవ్వ దీవెనలు.

కోపమెందుకే? నీ నడుము బాగైతదంటే నేను అంగట్ల కూసోని కుడుత. కాగితం మీద కటింగ్ గీసి పంపుతున్న. ఇన్నేండ్ల సంది జాకెట్లు కుడుతున్న, నా మాట ఇను. పక్క కుట్టుల లోపలికి రెండు వేళ్ల బట్ట ఇడువు, ఒంటికి జర వదులుగనే కుట్టు. రేపు ఒళ్లొస్తే ఇప్పుకోవచ్చు.

కుచ్చిళ్లు మోకాళ్ల దాకా రావాలె. నూలుకు పెట్టే కాగిన గంజి గిన్నె తొందరల అరుగు అంచున పెట్టింది నేనే, అదే నీ తొడ మీద ఒలికింది. అప్పుడు నీకు ఆరేండ్లు. నువ్వు కాళ్లు దాచుకుంటే నాకు ఇప్పటికీ పాణం కలుక్కుమంటది.

మీ అవ్వ,
దేవవ్వ

*

మెట్‌పల్లి,
ఆగస్టు 2

బిడ్డా,

రెండు నెలలు కావొస్తున్నది, జవాబు లేదు. నీళ్లల్ల దిగినవా? ఎవ్వలన్న మచ్చ చూసి నవ్విండ్రా? పరేషాన్‌గ ఉన్నది. రెండు ముక్కలు రాయి.

అవ్వ

*

కరీంనగర్,
ఆగస్టు 9

మా అవ్వకు,

ఇన్నొద్దులు రాయనందుకు మాఫ్ చెయ్యి. నువ్వు చెప్పినట్టే రెండు వేళ్ల బట్ట ఇడిచి వదులుగ కుట్టిన. నీళ్లల్ల దిగంగనే డ్రెస్సు నిండ నీళ్లు జొచ్చి బుడగ లెక్క ఉబ్బింది. కుచ్చిళ్లు గొడుగు లెక్క ఇచ్చుకొని పైకి తేలినయి. మచ్చ అందరికీ కనవడ్డది! ఉరుకుదామనుకున్న. పక్కన ఈతకొచ్చిన రమ టీచర్ "గీ కుచ్చిళ్లు ఎవరు కుట్టిండ్రు? నాకొకటి కావాలె" అన్నది. మచ్చ సంగతి ఒక్కలు అడగలే.

ఇంటికొచ్చి ఎక్కువ బట్ట కోసేసిన. ఒంటి కొలత కంటే చిన్నగ, బట్టతోని సాగేటట్టు జిగ్‌జాగ్ కుట్టు వేసి మళ్ల కుట్టిన. ఈత డ్రెస్సు ఒంటికి పట్టి ఉండాలెనట, జాకెట్లు కుట్టేటోళ్లం మనకేం తెలుసు! కుచ్చిళ్లు పొట్టిగనే పెట్టిన. మచ్చ సగం కనవడుతది, కనవడనియ్యి. నడుము నయమైంది, ఆపరేషన్ అక్కెర లేదన్నడు డాక్టర్.

అవ్వా, ఇన్నొద్దులు రాయంది పని వల్ల కాదు. నీ ఉత్తరం చదివి ధైర్యం చాలలే. ఆ గిన్నె నువ్వు అంచున పెట్టలే. గోడ మూలకు జరిపి పెట్టినవు. వేలు ముంచి చూద్దామని నేనే ఈడ్చుకున్న. కొడతవని భయపడి చెప్పలే. తర్వాత నువ్వు నన్ను అంత పావురంగ, ముద్దుగ చూసుకుంటుంటే, చెప్తే అది పోతదని చెప్పలే. నన్ను సంకన వేసుకొని దవాఖాన్లు తిరిగినవు, సదివిచ్చినవు, ఇప్పుడు నీళ్లల్లకు దింపినవు. ఇన్ని చేసినదానివి నా తప్పుకు ఇరవై రెండేండ్లు ఏడ్చినవు.

ఇగ ఏడ్వకు అవ్వా. ఆ తప్పు నాది.

నీ కడుపున పుట్టినందుకు సంబురపడే,
దీపిక