నాలుగో కొక్కెం

నాగాయలంక,
14-6-1998, ఆదివారం

గ్రేసు నాన్నకు,

ప్రభువు పేరట వందనాలు. ఇక్కడ అందరం బాగున్నాం. విశాఖలో మీరూ బాగున్నారనుకుంటాను. మీరడిగినట్టే గ్రేసుకి దగ్గు తగ్గింది. అత్తయ్యగారి కళ్లజోడు అవనిగడ్డలో మార్పించాను. మిగతా ఉత్తరమంతా కోపమే. తీరిగ్గా చదవండి.

"మినీ లారీలో కొక్కేలు తమ్ముడు తీస్తాడు, నువ్వు చెయ్యి పెట్టకు" అని రాశారు. అసలు వాటిని బిగించిందెవరు? రొయ్యల ట్రేలు కట్టడానికని, బండి అడుగున పరిచిన రబ్బరు షీటు మీద నుంచే మీరు బోల్టులు దించేశారు. ఉప్పునీటికి తుప్పు పట్టి వాషర్లు రబ్బరుకి అతుక్కుపోయాయి. తుప్పు సరుకులో రాలుతోంది, కొక్కేలు తియ్యకపోతే సోమవారం నుంచి బందరు లోడు వేరే బండికిస్తానని రొయ్యల షావుకారు సోమేశ్వరరావుగారు చెప్పి వెళ్లారు. షీటు చిరిగినా ఇవ్వరట. ఐసు నీళ్లు షీటు కింద చెక్కల్లోకి దిగితే కంపు వదలదు.

నిన్న మీ తమ్ముడు గునపం పట్టుకొచ్చాడు. కొక్కేలు తియ్యడానికి గునపం! లాక్కుని పక్కన పడేసి స్పానర్లు తీశాను.

"వదినా, స్పానరంటే గరిటె కాదు."

"గరిటె తిప్పేవాళ్లం గిన్నెకి చిల్లు పెట్టుకోం బాలస్వామీ. బండి కిందకి దూరు."

నట్లకి రెండు రోజుల ముందే కిరసనాయిలు పట్టించాను. అతను కింద పడుకుని నట్టు తిప్పితే, నేను పైన బోల్టు తల కదలకుండా పట్టుకున్నాను. తల తిరిగితే రబ్బరు మెలిపడి చిరుగుతుంది. నట్టు ఊడాక కొబ్బరినూనె రాసిన పల్చటి కత్తి వాషరు కింద చుట్టూ పోనిచ్చి మెల్లగా లేపాను. మూడు కొక్కేలు అలాగే వచ్చాయి. షీటు మీద గీత పడలేదు.

నాలుగోది కదల్లేదు. "అన్నయ్యుంటే ఈపాటికి పనైపోయి భోంచేసేవాడు" అన్నాడు కింద నుంచి. మీరుంటే! పదకొండు నెలలుగా ఆ మాటే వింటున్నాను.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. ఆ గునపం నేనే అందుకున్నాను. కొక్కెం కింద పెట్టి ఒక్క అదుము అదిమాను. కొక్కెం ఊడింది. జానెడు రబ్బరు చిరిగింది.

సైకిలు ట్యూబు ముక్క, సొల్యూషను పెట్టి అతికించాం. సాయంత్రం సోమేశ్వరరావుగారు వచ్చి బిందెడు నీళ్లు పోయించి కిందకి వంగి చూశారు. చుక్క కారలేదు. అయినా "ఎవడు చించాడు?" అన్నారు.

"నేనేనండీ" అన్నాడు బాలస్వామి.

"లోడిస్తాను. కానీ వీడు స్టీరింగు పట్టకూడదు. వేరే డ్రైవర్ని చూసుకోండి."

చించింది నేనని అప్పుడైనా చెప్పలేదు. ఆయన వెళ్లాక మీ తమ్ముడి మీదే అరిచాను, ఎందుకు చెప్పావని. "నువ్వు చించావంటే, ఆడదాని చేతిలో బండి అని అసలు లోడే మానేస్తాడు వదినా" అన్నాడు. అన్నం తినకుండా వెళ్లాడు. ఇవాళ చర్చికీ రాలేదు.

రేపు లోడెక్కక ముందే సోమేశ్వరరావుగారికి నిజం చెప్తాను. లోడు పోతే పోనివ్వండి. స్టీరింగు బాలస్వామిదే. అతన్ని తిడుతూ మీరు ఒక్క ముక్క రాసినా ఊరుకోను.

ఈ కవరు అంటించడం లేదు. పోస్టులో వెయ్యమని అతని చేతికే ఇస్తున్నాను.

ఇట్లు,
గ్రేసు అమ్మ,
సరోజిని