వియ్యంకుడి నడుము తడిమినాను

నాగపూర్ నుంచి తమ్ముడు ముసలయ్యకు అన్న ఎర్రయ్య రాయునది. నా బిడ్డ జంపక్కను పగిడయ్య కొడుకుకు ఇస్తామని నన్ను అడగకుండా మాట ఇచ్చింది నువ్వు. అది నేను ఇంతవరకు మరువలేదు. ఇప్పుడు విను.

ఇక్కడ కాపలా అంటే మన మంచె మీది కాపలా కాదు. పిట్టలను కొట్టే వడిసెల తెచ్చుకున్నానని అందరూ నవ్వినారు. నల్లాల ఫ్యాక్టరీ నుంచి బయటికి పోయే కూలీల నడుములు తడమడమే నా పని. మొఖాలు చూడవద్దని సారు చెప్పినాడు. నిన్న ఒకని పంచెలో ఇత్తడి నల్లా చేతికి తగిలింది. బయటికి లాగి "దొరికిండు!" అని అరిచి, అప్పుడు మొఖం చూసినాను. మన వియ్యంకుడు పగిడయ్య! బొగ్గుబాయిలో పని చేస్తున్నాడని గదా వాళ్లు మనకు చెప్పింది.

"బావా, నీ బిడ్డ నా ఇంట్ల ఉన్నది, యాదికుంచుకో" అన్నాడు. అతన్ని పనిలో నుంచి తీసేసినారు. ఈ కార్డు కన్నా ముందే ఊరు చేరుతాడేమో.

నువ్వు వెంటనే దమ్మపేట పోయి బిడ్డను చూడు. వాళ్లు ఒక్క మాట అన్నా ఇంటికి తెచ్చుకో. ఎర్ర ఎద్దు కాలు నయమైందా? ఇప్పపూవు అంతా అమ్మవద్దు, నాకు కొంచెం ఉంచు. మరదలికి, పిల్లలకు నా దీవెనలు.

ఆనాడు మాట ఇచ్చింది నువ్వు గనుక జవాబు చెప్పేది కూడా నువ్వే. అమావాస్య లోపల ఉత్తరం రావాలె. రాకుంటే ఈ కాపలా డ్రెస్సు గేటుకు తగిలించి నేనే వస్తాను.