ఈరన్న నేసిన సగం దుప్పటి

ఆదోని, మంగళవారం

ఇది రాయకుండానే పడుకుందామనుకున్నాను, నిద్ర రాలేదు. జర్మనీకి చదువుకు పోతున్న నా మనవరాలికి తమ ఇంట్లో చోటిచ్చే కుటుంబానికి కానుకగా చేనేత దుప్పటి కొందామని ఎమ్మిగనూరు వెళ్లాను. అంగడివి నచ్చక, నిరుడు చనిపోయిన నా స్నేహితుడు, నేతగాడు ఈరన్న ఇంటికి పోయాను. వాడుంటే టీ చల్లారేదాకా కబుర్లే, అది వేరే కథ. మగ్గం మీద సగం నేసిన దుప్పటి అట్లాగే ఉంది.

"కోసుకొని పో అన్నా," అంది వాడి భార్య నాగమ్మ.

"సగమే కదమ్మా, వాళ్లేం కప్పుకుంటారు?"

"బల్ల మీద పరుసుకుంటారులే. ఇది ఈడున్నన్ని దినాలూ, ఆయప్ప మగ్గం దిగి అన్నానికొస్తాడనే కాసుకోనుంటా."

కత్తెర నా చేతికే ఇచ్చింది. పోగులు తెగుతుంటే, వాడి పని నేనే ఆపించినట్టనిపించింది. దీన్ని పరాయి ఇంటికి పంపొచ్చో లేదో ఇప్పటికీ తేలడం లేదు...

నేను బయలుదేరేలోపే నాగమ్మ వాడు కాళ్లు పెట్టుకొని నేసే మగ్గం గుంట మీద చెక్క పలకలు పరిచి, బియ్యం మూటను వాటి మీదికి జరిపింది.