బావ పేరు మీద నా రక్తం

మల్కాపురం,
శుక్రవారం.

గవర్రాజు బావా,

కేరేజీ మూత తీయగానే కాగితం కనబడిందని కంగారుపడకు. నీ కనురెప్పల మీద పసుపు మచ్చలు సూత్తే కొలెస్ట్రాలని డాక్టరు నిన్ను క్రేన్ నడిపే పనిలోంచి దింపేత్తాడని, కంట్రాక్టరు ఎట్టిన మెడికల్ టెస్టుకి నీ పేరు మీద నన్ను పంపినావు కదా. రిపోర్టొచ్చింది. కొలెస్ట్రాల్ మూడొందలు దాటిందంట, రక్తనాళాలు లోపల వాసిపోతన్నాయంట, గుండె జాగ్రత్తంట. పేరు నీది, రక్తం నాది బావా! ఒక్క మచ్చ లేకుండా ఎండుసేపలాగున్న నాకే ఇలాగుంటే, రెండు రెప్పలకీ బోర్డు కట్టుకు తిరుగుతన్న నీ సంగతేటి? సోమారం పొద్దున్న ఏటీ తినకుండా రా. ఎవడి రక్తం ఆడే ఇద్దాం.

మా అక్కకి సెప్పొద్దన్నావు. సెప్పనేదు, రాసిచ్చినాను. ఇది సదివి, సేపల ఏపుడు తీసేసి, కేరేజీలో ఎట్టింది అక్కే.

నీ బావమరిది