రెండో సీటుకు సరిపడే ఇంజిన్

జనవరి 9, శనివారం

రెక్కలు పూర్తయ్యాయి. గుడ్డ మీద వేసిన ఆఖరి పూత కూడా ఆరింది. కొట్టంలో లైట్లన్నీ వేసి విమానం చుట్టూ తిరిగాను, కొత్త పెళ్ళికూతురిని చూసినట్టు చూసుకున్నాను. ఎనిమిదేళ్ల పని. కలప అంతా నాదే. కుర్చీలూ బల్లలూ చేసి బతికే వడ్రంగిని నేను, రెక్కలో ఏ పుల్ల ఎక్కడ ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఇనుము, తీగలు, పైపులు నా మొగుడు టోర్బెన్ పని. నడిపేదీ అతనే, లైసెన్సు ఉన్నది అతనికే.

ముక్కు మాత్రం ఖాళీగా ఉంది. ఇంజిన్ ఇంకా కొనలేదు.

జనవరి 17

మా విమానాల క్లబ్‌కి వెళ్ళాం. కాఫీ దగ్గర అందరూ ఇంజిన్ గురించే. మా రన్‌వే పచ్చిక, పొట్టిది, చివర పైన్ చెట్లు, పక్కన ఫ్యోర్డ్, నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. క్లబ్‌లో పెద్దమనిషి ఇవెర్ దగ్గర ఒక పాత ఇంజిన్ ఉందట, నూట పదిహేను గుర్రాల బలం. "ఫ్యోర్డ్ నీళ్ళ మీంచి గాలి ఎదురు కొట్టినా ఇది లెక్కచెయ్యదు, టోర్బెన్. పట్టుకుపో" అన్నాడు. టోర్బెన్ కళ్ళు మెరిశాయి. ఇంటికి వచ్చేదాకా దారంతా ఆ ఇంజిన్ పాటే.

ఎంత బరువు అని అడిగాను. చూద్దాంలే అన్నాడు.

జనవరి 18

చూశాను.

ఫిబ్రవరి 3

ఈ విమానం నేల వదలడానికి అనుమతి ఉన్న మొత్తం బరువు ఐదు వందల కిలోలు. ఇవెర్ ఇంజిన్ బిగిస్తే మనుషులకూ పెట్రోలుకూ కలిపి మిగిలేది నూట యాభై. టోర్బెన్ డెబ్బై ఒకటి. నేను తొంభై నాలుగు. ఇక్కడ ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను, తొంభై నాలుగు. ట్యాంకులో చుక్క పెట్రోలు పోయకుండానే పదిహేను కిలోలు ఎక్కువ.

సూప్ తాగుతూ చెప్పాను. టోర్బెన్ చెంచా కింద పెట్టాడు. "మొదట్లో నేనొక్కణ్ణే ఎగురుతాను. నువ్వు కింద నుంచి ఫోటోలు తియ్యి" అన్నాడు.

ఫోటోలు.

వర్క్‌షాప్‌కి వెళ్ళి, ఎవరూ అడగని ఓక్ పలకని మధ్యాహ్నమంతా చిత్రిక పట్టాను.

ఫిబ్రవరి 5

ఇవాళ అనేశాను. ఆ విమానంలో నా చెయ్యి పడని చోటు లేదు, నేను ఎక్కలేని దానికి రెండో సీటు ఎందుకు పెట్టావు, కోసి పొయ్యిలో పెడతాను అన్నాను. గొంతు పెరిగింది. టోర్బెన్ ఎప్పుడూ అరవడు, ఇవాళ అరిచాడు. "నీకేం తెలుసు? బలం చాలని ఇంజిన్‌తో, పక్కన నిన్ను కూర్చోబెట్టుకుని, ఆ పైన్ చెట్ల మీదికి పొమ్మంటావా? నేను పోతే పోతాను. నిన్ను పెట్టుకుని పోలేను!"



నన్ను దింపేద్దామనుకున్నది నా బరువు చూసి కాదు, భయపడి. ఇన్నాళ్ళూ నోరు విప్పి చెప్పొచ్చు కదా మనిషి! కాఫీ పెట్టాను. తేలిక ఇంజిన్‌తో చెట్లు దాటే మార్గం ఉంటే ఒప్పుకుంటావా అని అడిగాను. చూపించు, ఒప్పుకుంటా అన్నాడు.

మార్చి 12

దొరికింది. కొత్తది, ఎనభై గుర్రాలు, ఇవెర్ దానికంటే నలభై కిలోలు తేలిక. ఇద్దరం కూర్చున్నాక కూడా రెండు గంటల పెట్రోలు పడుతుంది.

కానీ తేలిక ఇంజిన్ తోకని మొయ్యలేదు. బరువు సరితూగాలంటే దాన్ని ఇంకా ముందుకు బిగించాలి. టోర్బెన్ స్టీలు గొట్టాలతో పొడుగు ఫ్రేము వెల్డింగ్ చేశాడు. ఇప్పుడు మా విమానానికి ఇంత పొడుగు ముక్కు. ఇవెర్ వచ్చి చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "గుద్రున్, ఇది విమానమా, చీమల్ని తినే జంతువా?" అన్నాడు. విమానం ముక్కు తుడిచి, నీ ముక్కు కంటే అందంగానే ఉంది అన్నాను.

నిజంగానే అందంగా ఉంది.

ఏప్రిల్ 23

ఇంజిన్ స్టార్ట్ అయింది! మొదట దగ్గింది, పొగ వదిలింది, తరవాత అందుకుంది. కొట్టం గోడలు అదిరి చూరులో పిచ్చుకలన్నీ బయటికి పోయాయి. టోర్బెన్ నా చెయ్యి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఏదో అన్నాడు, వినపడలేదు. మళ్ళీ అడగలేదు.

మే 5

చెడ్డ రోజు.

ఇంజిన్‌తో పాటు వచ్చిన ప్రొపెల్లర్‌తోనే, విమానం కదలకుండా తోకని ట్రాక్టర్‌కి కట్టి, థ్రాటిల్ మీట చివరిదాకా తోశాం. ఇంజిన్ తిరగాల్సినంత వేగంగా తిరగనే లేదు. మూలిగింది. ప్రొపెల్లర్ రెక్కల వాలు మరీ ఎక్కువ. సైకిల్‌కి పెద్ద గేరు వేసి మెట్ట ఎక్కించినట్టు. పైకి పోయాక జోరుగా పోతుంది, కానీ నేల నుంచి లేచేటప్పుడు, సరిగ్గా చెట్ల ముందు, బలం ఉండదు.

"నేను చెప్పలేదా?" అంటాడేమో అని చూశాను. అనలేదు. ట్రాక్టర్ తాడు విప్పి చుట్టలు చుట్టాడు. అనేసి ఉంటే బాగుండేది.

మే 6

వాలు తక్కువ ఉన్న ప్రొపెల్లర్ కావాలి. చిన్న గేరు. వేగం పోతుంది, ఎక్కే బలం వస్తుంది. చేసేవాళ్ళకి ఫోన్ చేశాను. వచ్చే ఏడాది దాకా ఖాళీ లేదట.

ప్రొపెల్లర్ అంటే ఏమిటి? చెక్క.

మే 19

బర్చ్ పలకలు ఎంచాను. ముడి లేనివి, నూలు పోగులా తిన్నగా సాగిన చార ఉన్నవి. ఒకదాని మీద ఒకటి జిగురు పెట్టి బిగించాను. టోర్బెన్ కొలతలు గీసి ఇచ్చాడు. అంతకుముందు ఇద్దరం వాలు గురించి మూడు సాయంత్రాలు వాదించుకున్నాం. ఎంత తగ్గించాలి? మరీ తగ్గిస్తే పైన ఇంజిన్ అదుపు తప్పి పరిగెడుతుంది, థ్రాటిల్ వెనక్కి లాగే ఉంచాలి. లాగే ఉంచు, మనకేం తొందర అన్నాను.

జూన్ 2

పూర్తయింది. రెండు వైపులా సరితూగుతాయా అని సన్నటి ఇనుప కడ్డీ మీద నిలబెట్టాను. ఊగి ఊగి అడ్డంగా, నేలకి సమానంగా ఆగింది. గట్టిగా కేక వేశాను. తరవాత నునుపు పెడుతుంటే వేలికి తగిలింది. మొదలు దగ్గర, రెండు పలకల మధ్య, వెంట్రుకంత సందు. జిగురు పట్టలేదు.

టోర్బెన్ కనిపెట్టేవాడు కాదు. ఎవరూ కనిపెట్టేవారు కాదు.

జూన్ 3

నా చేతులతోనే రంపం పెట్టి రెండు ముక్కలు చేశాను.

జూన్ 26

రెండోది. ఇది మంచిది. పైకి చెప్పను గానీ నేను చేసిన వస్తువుల్లో ఇదే మంచిది. కొసల మీద ఇత్తడి రేకు తొడిగాను. చెయ్యి పెడితే గుర్రం మెడ నిమిరినట్టుంది.

మళ్ళీ ట్రాక్టర్, మళ్ళీ తాడు. ఈసారి ఇంజిన్ మూలగలేదు, పాడింది. టోర్బెన్ మీటరు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. ట్రాక్టరు చక్రాలు పచ్చికలో జారాయి.

సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ళ సంఘం తరఫున పరీక్షకి వచ్చిన ఆవిడ ప్రొపెల్లర్‌ని వేలితో తట్టి, చెవి పెట్టి వింది. ఏ కంపెనీ అని అడిగింది. "మా ఆవిడ" అన్నాడు టోర్బెన్.

జూలై 16

ఒంటరిగా ఎగిరి చెయ్యాల్సిన పరీక్షలు టోర్బెన్ చేస్తూనే ఉన్నాడు. ఇవాళ నిండు బరువుతో. నా సీట్లో నా బదులు ఇసక బస్తాలు, తొంభై నాలుగు కిలోలూ. దాచడానికి ఇంకేం లేదు, క్లబ్ మొత్తానికీ తెలిసిపోయింది. ఇవెర్ పై బస్తా మీద చాక్‌తో "గుద్రున్" అని రాసి తన టోపీ పెట్టాడు. "ఈవిడ ఎంత నెమ్మదస్తురాలో చూడు టోర్బెన్, నోరెత్తదు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పరిగెత్తింది. సగం రన్‌వే కూడా వాడలేదు. లేచింది. పైన్ చెట్లు ఎక్కడో కింద ఉండిపోయాయి, వాటి మీద ఇంకో చెట్టు నిలబెట్టినా దాటేసేది. పక్కన ఇవెర్ నవ్వడం మానేశాడు. "నా ఇంజిన్ అమ్ముకోవడానికి ఇంకో ఊరు చూసుకోవాలి" అన్నాడు. మెల్లిగా నా వీపు తట్టాడు.

ఆగస్టు 28, ఉదయం ఆరు

గాలి లేదు. ఫ్యోర్డ్ పళ్ళెంలా ఉంది. రొట్టె సగం తిన్నాను, మిగతాది పిచ్చుకలకి వేశాను. ఇవాళ బస్తాలు దించేశారు.

ఆగస్టు 28, సాయంత్రం

ఏం రాయాలి?

చెట్ల దగ్గరికి వచ్చేటప్పుడు టోర్బెన్ నా వైపు చూడలేదు. ముందుకే చూశాడు. దవడ బిగుసుకుంది. చెట్లు దాటాక ఊపిరి వదిలాడు. హెడ్‌సెట్‌లో వినపడింది, అంత పెద్ద ఊపిరి. నడిపే కర్ర వదిలేసి, ఖాళీ చేతులు చూపించి, పట్టుకో అన్నాడు. పట్టుకున్నాను. కాసేపు నేను నడిపాను.

నెమ్మదిగానే పోతుంది మాది. కింద హైవే మీద ఒక లారీ మమ్మల్ని దాటిపోయింది. టోర్బెన్ సిగ్గుపడ్డాడు. నాకైతే ఇంకా నెమ్మదిగా పోతే బాగుండు అనిపించింది. ముందు ప్రొపెల్లర్ కనపడకుండా తిరుగుతోంది, ఎండలో లేత బంగారు రంగు పొరలాగా. ఆ పొర నా చెక్కే. మా ఇద్దర్నీ, ఎనిమిదేళ్ళనీ మోస్తున్నది అదే. గర్వంగా ఉందా అంటే ఉంది. ఎంతుందో అంత రాస్తే నాకే నవ్వొస్తుంది.

దిగాక టోర్బెన్ ప్రొపెల్లర్‌కి అంటిన పురుగుల్ని తన రుమాలుతో తుడిచాడు. నన్ను తుడవనివ్వలేదు.

సెప్టెంబర్ 20

నార్వే నుంచి ఫోన్. తెలియని గొంతు. ప్రొపెల్లర్లు చేసే గుద్రున్ గారేనా అని అడిగాడు.

చేతికి జిగురు ఉంది. ఫోన్‌ని ఇంకో చెవికి మార్చుకున్నాను. మీ విమానంలో ఎంతమంది కూర్చుంటారు అని అడిగాను.