ఆరింటికి పోయే నెట్

జూన్ 9

ఇవాళ కూడా సాయంత్రం ఆరింటికి నెట్ పోయింది. చిన్నది వంటింట్లో తలుపేసుకుని ఆన్‌లైన్ క్లాసు వింటుంటే సగంలో ఆగిందట. అరగంటకి దానంతటదే వచ్చిందట. నేను టైలర్ షాపు నుంచి ఏడింటికి వచ్చేసరికి రౌటర్ లైట్లు ఏమీ ఎరగనట్టు పచ్చగా వెలుగుతున్నాయి. రోజూ అదే వేళకి పోతుందంటే ఎవరో పనిగట్టుకుని చేస్తున్నట్టే.

రౌటర్ పెద్దాడి గదిలో ఉంది. వాడే పెట్టించుకున్నాడు, మంచం పక్కన. వాడు పోయి ఐదు నెలలు. ఆ గదిలో ఒక్క వస్తువు నేను కదపలేదు, ఎవర్నీ కదపనివ్వను.

జూన్ 10

మేడ మీద అద్దెకుండే డ్రైవర్ మీద నాకు అనుమానం. మెట్ల మీద ఆపి అడిగేశాను. మీ నెట్ నాకెందుకు పిన్నీ, నాది పరిగెడుతుంది, మీది పాకుతుంది అని నవ్వాడు. నవ్వితే నమ్మేయాలా. చిన్నదాని చేత పాస్‌వర్డ్ మార్పించాను. వైఫై పేరు మాత్రం ముట్టుకోవద్దన్నాను. అది పెద్దాడు పెట్టిన పేరు. నీకు అందరూ దొంగలేనా అమ్మా అని చిన్నది విసుక్కుంది.

జూన్ 11

ఆరింటికి పోయింది. పాస్‌వర్డ్ మార్చినా పోయింది.

జూన్ 13

నాకు సెలవు. నెట్ మెకానిక్ వచ్చాడు. వైరు పీకి చూశాడు, అడాప్టర్ మార్చాడు, రీస్టార్ట్ చేసి లైట్లన్నీ వచ్చేదాకా నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. తన ఫోన్లో ఏదో నొక్కి చూశాడు. లైన్ బాగానే ఉందమ్మా, సాయంత్రం దీనికి కరెంటే అందట్లేదు, ఎవరో ప్లగ్గు పీకుతున్నారు అన్నాడు. మా ఇంట్లో ఎవరు పీకుతారయ్యా అని కసిరాను. అయితే హాల్లో పెట్టుకోండి, కళ్లెదురుగా ఉంటుంది అన్నాడు.

నేను వద్దనేలోపే మా ఆయన, హాల్లోకి మార్చేయమన్నాడు. ఐదు నెలలుగా ఏదడిగినా ఊఁ తప్ప మాట లేని మనిషి. దీనికి మాత్రం ఠక్కున నోరు లేచింది.

నాకు అర్థమైంది. ముందు రౌటర్ బయటికొస్తుంది, తర్వాత మంచం, తర్వాత వాడు పాటలు వాయించే కీబోర్డు. గది ఖాళీ చేసి అద్దెకిస్తాడు. మెకానిక్‌కి కూడా తనే చెప్పి పెట్టుంటాడు. అది కదిలిందంటే నేనూ ఈ ఇంట్లోంచి కదులుతాను అన్నాను. మెకానిక్ గబగబా బ్యాగు సర్దుకున్నాడు.

జూన్ 14

పెద్దాడి మంచం మీద దుప్పటి నలిగి ఉంది. పొద్దున నేనే సరిచేసి వెళ్లాను. చిన్నదాన్ని అడిగితే, నేనసలు ఆ గదిలోకి వెళ్లనమ్మా, ఏడుపొస్తుంది అంది.

ఇక మిగిలింది ఒక్కరే. ఏడింటికి నైట్ డ్యూటీకి పోయేదాకా ఇంట్లోనే ఉంటాడు.

జూన్ 15

తలనొప్పని చెప్పి షాపు నుంచి ముందే వచ్చేశాను. ఇంట్లోకి పోలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని పక్క సందులోంచి పెద్దాడి గది కిటికీ దగ్గరికి పోయాను. దొరకనీ, ఇవాళ కడిగేస్తాను అనుకుంటూ.

ఆయన లోపలే ఉన్నాడు. ఆ గదిలో ఉన్నదే ఒక్క ప్లగ్గు. రౌటర్ పీకాడు. లైట్లన్నీ ఆరిపోయాయి. ఆ ప్లగ్గులో పెద్దాడి కీబోర్డు పెట్టాడు. మంచం మీద కూర్చుని దాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు. వాడి హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు. వాడు వాయిస్తుంటే గోల ఆపరా అని అరిచిన మనిషే. ఒక వేలితో నొక్కాడు. ఆగాడు. మళ్లీ నొక్కాడు. తప్పు పడినప్పుడల్లా తల అడ్డంగా ఊపుకుని మొదటికొస్తున్నాడు. నాకేమీ వినపడలేదు.

చప్పుడు కాకుండా సందులోంచి వెనక్కొచ్చేశాను. వీధి చివరిదాకా నడిచి, ఏడింటికి మామూలుగా వచ్చాను. గుమ్మంలో ఎదురయ్యాడు. అన్నం తిన్నాడో లేదో అడిగాను. ఊఁ అన్నాడు.

జూన్ 16

ఎక్స్‌టెన్షన్ బాక్స్ కొన్నాను, నాలుగు ప్లగ్గులది. రౌటర్ దానికి పెట్టి మిగతావి ఖాళీగా వదిలాను. ఎవరికీ చెప్పలేదు.

జూన్ 17

ఆరింటికి నెట్ పోలేదట. చిన్నది ఎగిరి గంతేసింది. మెకానిక్ గట్టివాడే అంది. అవునన్నాను.

దుప్పటి నలిగే ఉంది. సరిచేయలేదు.

జూన్ 19

హెడ్‌ఫోన్ తీసి నా బీరువాలో దాచాను. షాపు నుంచి ముందే వచ్చి, పెద్దాడి గది కిటికీ కింద సందులో కూర్చున్నాను. ఆరు కావస్తోంది.